మంచి రిపోర్టు కోసం తిరిగిన మనిషి

ఆయన పోయిన సంగతి ఆయన కూతురే చెప్పింది, నా ల్యాబులో పరీక్షకు రక్తం ఇస్తూ. సూది లోపలే ఉంది, ట్యూబు నిండుతోంది. "నాయన పోయినాడు మ్యాడం, పోయిన నెల్లో. మార్కెట్ యార్డులో కాయలు సూస్తా సూస్తా పక్కకి ఒరిగినాడంట. ఆస్పత్రి దాకా కూడా రాలేదు" అంది. ఏడవలేదు. ఏడ్చే రోజులు దాటుకుని వచ్చినట్టుంది. నేను మోచేతి పైన కట్టిన రబ్బరు పట్టీ వదులు చేసి, సూది తీసి, దూది అదిమి, చెయ్యి మడిచి పెట్టుకోమన్నాను. ఇలాంటప్పుడు ఏమనాలో నాకు ఇన్నేళ్ళయినా చేతకాలేదు. "మీ నాయన మంచి మనిషి" అనబోయి మానుకున్నాను. మంచివాడే. కాని ఆ మాట నా నోట వింటే ఆ అమ్మాయికే నవ్వొచ్చేది. ఆయనకూ నాకూ కుదిరిన రోజులు చాలా తక్కువ.

నేను పాథాలజిస్టును. కర్నూల్లో ఆస్పత్రులు వరసగా ఉన్న వీధి వెనక చిన్న ల్యాబు నడుపుతున్నాను. మందుల షాపులు, మెస్సులు, జిరాక్సు కొట్లు, వాటి మధ్య మా బోర్డు. మనుషులు రక్తం ఇస్తారు, బెంచీ మీద కూర్చుంటారు, కాగితం తీసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ ముఖాలు నాకు గుర్తుండవు. గుర్తుంచుకోవాలని ప్రయత్నించను కూడా. రోజూ అంతమంది భయాన్ని మొయ్యాలంటే నా వల్ల కాదు. ఈయన ముఖం మాత్రం గుర్తుండిపోయింది. మొదట్లో దానికి కారణం అభిమానం కాదు, విసుగు.

ఆయన శెనక్కాయల వ్యాపారి. కడప జిల్లాలో మైదుకూరు అవతల ఊరు. పొట్టిగా, గట్టిగా, తెల్లచొక్కాలో ఉండేవాడు. భుజం మీద తువ్వాలు. చొక్కాకు రెండు జేబులు కుట్టించుకునేవాడు. ఎడమ జేబులో కాయలు, కుడి జేబులో వలిచిన పొట్టు. మాట్లాడుతూనే, చూడకుండానే, బొటనవేలితో కాయ నొక్కి పగలగొట్టేవాడు. గింజను వేళ్ళ మధ్య నలిపి, పొరను ఊదేసి, ఎదుట ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేవాడు. ల్యాబులో తినకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా "తినొద్దులేమ్మా, పెట్టుకో" అనేవాడు. పొట్టు మాత్రం ఒక్క ముక్క కింద పడనిచ్చేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయన మీద ఫిర్యాదు లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు నేను ట్యూబుకు మూత బిగించి స్టాండులో పెట్టబోతుంటే, చెయ్యి చాపి "ఒకసారి ఇట్లియ్యమ్మా" అన్నాడు. ఎంత మామూలుగా అడిగాడంటే, నేనూ మామూలుగానే ఇచ్చేశాను. ట్యూబును లైటు కేసి ఎత్తి, అటు వంచి ఇటు వంచి చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపబోయాడు. అప్పుడు లాక్కున్నాను. అలా ఊపితే కణాలు పగిలిపోతాయి, ఫలితాలు తప్పుతాయి అని కోప్పడ్డాను. ఆయన నొచ్చుకోలేదు. "రంగు బాగుండాది" అన్నాడు తృప్తిగా. రంగు చూసి చెప్పగలిగేదైతే ఇన్ని మిషన్లు ఎందుకు కొంటానని అడిగాను. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ నిండుగా ఉందో, ముడుచుకుందో తెలుస్తుందట. ముప్పై ఏళ్ళు చేసిన పని చేతికి అలవాటైపోయింది, అంతే.

రక్తం ఆయనది కాదు, కూతురిది. ఆ పిల్ల అప్పుడు కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పేరు పెట్టి పిలవడం నేను వినలేదు, ఆయనకు ఆమె "పాప". ఏడాదిగా కడుపునొప్పి, కుడిపక్కన కింద. తిన్న కాసేపటికి మెలిపెట్టేది. కొన్నాళ్ళు విరేచనాలు, కొన్నాళ్ళు మామూలు, మళ్ళీ విరేచనాలు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. నోట్లో పుళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ముంజేతికి గాజులు నిలవడం లేదు. హాస్టలు తిండి అన్నారు, చదువు దిగులు అన్నారు, దిష్టి అన్నారు. అహోబిలంలో మొక్కు కూడా తీర్చుకుని వచ్చారు. తల్లికి బస్సు ప్రయాణం పడదు కాబట్టి ఎక్కడికైనా తండ్రే తీసుకొచ్చేవాడు. చివరికి కర్నూల్లో పొట్ట డాక్టరుగారు చూసి, క్రోన్స్ అనే జబ్బేమోనని అనుమానం ఉంది, రక్తపరీక్షలు చేయించి తీసుకురండి, ఆ తర్వాత కెమెరా గొట్టం వేసి పేగు లోపల చూద్దాం అన్నారు.

పేగులో ఏదో ఒకచోట వాపు పుట్టి, పుండు పడి, మానుతూ మళ్ళీ పడుతూ, చివరికి దారి ఇరుకైపోయే జబ్బు అది. త్వరగా కనిపెడితే మందులతో అదుపులో ఉంటుంది. ఆలస్యమైతే పేగు కోయాల్సి వస్తుంది. ఇదంతా డాక్టరుగారు ఆయనకు చెప్పారు. ఆయన చెవికి ఎక్కింది మాత్రం గొట్టం ఒక్కటే. పెళ్ళి కావలసిన పిల్లకు అలాంటి పరీక్షా అని ఆయన గుండె జారిపోయింది. రక్తం బాగుంటే గొట్టం అవసరం ఉండదని తనకు తానే తీర్మానించుకున్నాడు. ఇక ఆయన పనల్లా ఒక్కటే, రక్తం బాగున్నట్టు కాగితం సంపాదించడం.

అందుకని కూతురిని నా దగ్గరికి ఊరికే తీసుకురాలేదు, తయారుచేసి తెచ్చాడు. వారం ముందు నుంచీ బీట్‌రూట్ రసం, దానిమ్మ గింజలు, ఖర్జూరాలు, మేక కార్జం, రక్తం పట్టే టానిక్కు. కడుపు మెలిపెట్టే పిల్లకు ఇవన్నీ కుక్కిపెట్టాడు. సూది గుచ్చేముందు ఆ సంగతి ఎంతో గొప్పగా చెప్పుకున్నాడు. వారం రోజుల బీట్‌రూట్‌తో ఏడాది జబ్బు దాగదని నేనన్నాను. "యార్డుకి తెచ్చే ముందర కాయని ఆరబెట్టి, చెరిగి తెస్తాము గదమ్మా" అన్నాడు.

రిపోర్టు తయారయ్యాక జరిగింది ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. మా వైపు ఎద్దుల సంతల్లో అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా బేరం మూడోవాడికి తెలియదు. ఈయన కౌంటరు దగ్గరికి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, కుడిచేతి మీద కప్పి, ఆ చెయ్యి నా ముందుకు జరిపాడు. నాకు అర్థం కాలేదు. "ఏం పలికింది డాక్టరమ్మా? ఈడ చెప్పు. పాప వింటాది" అన్నాడు గొంతు తగ్గించి. అప్పుడు అర్థమైంది. ఇది సంత కాదు, ఆ తువ్వాలు తీయండి అన్నాను. రక్తం ఎవరిదో వినే హక్కు కూడా వాళ్ళదే అని ఆ పిల్లను కూడా దగ్గరికి పిలిచాను. ఆమె బెంచీ మీద కూర్చుని తండ్రి వేషాలన్నీ చూస్తూనే ఉంది. నవ్వు ఆపుకుంటూ వచ్చి నిలబడింది.

ఉండాల్సిన హద్దు దాటిన అంకెలు మా కాగితం మీద నల్లగా, లావుగా అచ్చవుతాయి. ఆ పిల్ల కాగితం నిండా నలుపే. నేను ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన ఒక్కొక్క దానికీ బేరమాడాడు. హిమోగ్లోబిన్ తక్కువ ఉందంటే, ఆడపిల్లలకు అందరికీ తక్కువే ఉంటుంది కదా అన్నాడు. అల్బుమిన్ తక్కువ, అంటే తిన్నది ఒంటికి పట్టడం లేదు అంటే, హాస్టల్లో ఏం తింటుందిలే అన్నాడు. బీ12 తక్కువ ఉంది, దాన్ని పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగం, నొప్పి కూడా అక్కడే ఉందంటున్నారు కాబట్టి డాక్టరుగారు దీన్ని గట్టిగా పట్టించుకుంటారు అంటే, సూది మందు వేయిస్తే సరిపోతుంది కదా అన్నాడు. ప్లేట్‌లెట్లు ఎక్కువ ఉన్నాయి అనగానే ఆయన ముఖం విప్పారింది. "ఇదొక్కటన్నా బాగుండాది" అని కూతురి వైపు చూశాడు. తప్పు పూర్తిగా ఆయనది కాదు. డెంగీ జ్వరాలప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఊళ్ళన్నీ బొప్పాయి ఆకుల కోసం పరుగెత్తాయి. ఎక్కువ ఉంటే మంచిదని అప్పటి నుంచీ జనం మనసులో ఉండిపోయింది. లోపల ఎక్కడో చాలాకాలంగా వాపు ఉంటే కూడా అవి పెరుగుతాయని చెప్పాను. ముఖం మళ్ళీ ముడుచుకుంది.

సీఆర్‌పీ దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఒంట్లో వాపు ఉన్నప్పుడు లివరు తయారుచేసే పదార్థం అది. ఎక్కువ ఉందంటే ఎక్కడో మంట ఉన్నట్టు, ఎక్కడన్నది అది చెప్పదు. ఈఎస్ఆర్ కూడా దాదాపు అంతే, పైగా రక్తం తక్కువున్నా పెరుగుతుంది. "అయితే ఆ జబ్బు ఉన్నట్టా, లేనట్టా? ఒక్కమాట చెప్పు" అన్నాడు. ఈ కాగితంలో ఏ అంకె కూడా ఆ మాట చెప్పలేదన్నాను. పేగుకు టీబీ వచ్చినా ఇలాగే ఉండొచ్చు, క్రోన్స్ అయినా ఇలాగే ఉండొచ్చు. అన్నీ కలిపి చూస్తే లోపల ఏదో ఉందని మాత్రం గట్టిగా చెబుతున్నాయి. ఏమిటో తెలియాలంటే లోపలికి వెళ్ళి చూడాల్సిందే. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు చేసి లోపలి బనీను జేబులో పెట్టుకున్నాడు. పొట్టు వేసుకునే జేబులో వేసుకోలేదు కదా అని సంతోషించాను.

తర్వాత చాలా నెలలు కనబడలేదు. డాక్టరుగారు వేరే ల్యాబుకు రాసి ఉంటారనుకున్నాను. అనుకున్నాననడం కూడా ఎక్కువే, మరిచిపోయాను.

కొత్తకాయ యార్డుకు వచ్చే రోజుల్లో మళ్ళీ వచ్చారు. పిల్లను చూసి నేను గుర్తుపట్టలేదు. తండ్రిని చూసి పట్టాను. పిల్లకు బుగ్గలు లోపలికి పోయి, దవడ ఎముక బయటికి వచ్చింది. తిన్నది తిన్నట్టు వాంతి అవుతోందట, కడుపు ఉబ్బి గుడగుడలాడుతోందట. చేతిలో నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. కంప్యూటర్లో పాత రిపోర్టు తీసి చూస్తూ, ఈ సీఆర్‌పీ చూసి డాక్టరుగారు ఏమన్నారు, గొట్టం పరీక్ష ఎందుకు చేయలేదు అని అడిగాను. పిల్లే చెప్పింది, రక్తం బాగుంది గొట్టం అక్కర్లేదన్నారట అని. రక్తం బాగుందని ఎవరైనా ఎలా అంటారని నేను గొంతు పెంచాను.

అప్పుడు ఆయన నోరు విప్పాడు. దాచుకోవాల్సిన విషయమని కూడా ఆయనకు తోచలేదు. వివరంగా, ఓపికగా, నాకు తెలియని వ్యాపారం నాకు నేర్పుతున్నట్టు చెప్పాడు. నా రిపోర్టు నచ్చక కడపలో ఇంకో ల్యాబులో తీయించాడు. అదీ నచ్చలేదు. ఊరికి పోయి అక్కడ చిన్న ల్యాబులో తీయించాడు. ప్రతిచోటా అది వేరే పరీక్ష అని పిల్లకు చెప్పాడు. ఊళ్ళో తీసిన దాంట్లో సీఆర్‌పీ హద్దులోనే వచ్చింది, టానిక్కు పుణ్యమా అని హిమోగ్లోబిన్ కాస్త పెరిగింది. మిగతావి అసలు చేయించనే లేదు. పిల్లను హాస్టల్లో వదిలి, ఆ ఒక్క కాగితం పట్టుకుని తనొక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రిపోర్టు చూపించడానికి రోగి ఎందుకని మా వైపు ఇంటివాళ్ళే వెళ్ళడం మామూలే. డాక్టరుగారు అనుమానంగానే చూసి, ఐరన్ మాత్రలు రాసి, కొన్ని వారాల్లో పిల్లను వెంటపెట్టుకుని రమ్మన్నారు. ఈయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"మిల్లులకి శాంపిలు నాలుగుచోట్లకి పంపుతాము డాక్టరమ్మా. యాడ బాగ పలికితే ఆడికే తోలుతాము. దాంట్లో తప్పేముండాది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరి పరీక్ష చేసినప్పుడు పిల్ల ఏమైనా మందులు వాడుతోందా అని అడిగాను. మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగుతోందట. అవి వేసుకున్నన్ని రోజులూ నొప్పి లేదు, ఆకలి కూడా బాగా వేసింది. అవేమిటో ఊహించడం కష్టం కాదు. స్టెరాయిడ్ వాపును కొన్నాళ్ళు అణిచిపెడుతుంది, దాంతో సీఆర్‌పీ దిగుతుంది. మాత్రలు ఆపగానే జబ్బు మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ మాత్రలు లేకపోయినా, కొందరిలో పేగు పుండు పడి ఉండగానే సీఆర్‌పీ మామూలుగా వస్తుంది. అందుకే ఏ డాక్టరూ ఒక్క అంకెను నమ్ముకోడు. ఇదంతా నేను ఆయనతో అరిచినట్టే చెప్పాను. బెంచీ మీదున్న వాళ్ళు కూడా విన్నారు.

పిల్ల మాత్రం అరవలేదు. మోచెయ్యి మడిచి, దూది పట్టుకుని, తండ్రి ఎదురుగా నిలబడింది. ఆమె అంతసేపు మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"నాయనా, రైతు మూట పైన మంచి కాయ పోసి తెస్తే నువ్వు ఒప్పుకుంటావా? మూట అడుగుదాకా చెయ్యి పెట్టి తీస్తావు గదా. అడుగున పుచ్చు కాయ ఉంటే ఆ రైతుని నలుగురిలో నిలబెట్టి అడుగుతావు గదా. నా కాడికొచ్చేసరికి పైకాయ సూపిచ్చి మూట కుట్టేస్తివే" అంది.

ఆయన చెయ్యి ఎడమ జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. కాసేపు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు. తప్పు తూకం వేశావని యార్డులో ఎవరైనా అంటే ఆయన ఎలా ఉండేవాడో నాకు తెలియదు కానీ, బహుశా అలాగే ఉండేవాడు. తర్వాత లేచి, లోపలి జేబులోంచి మడతలు పెట్టిన కాగితాలన్నీ తీసి కౌంటరు మీద పెట్టాడు. పారేయలేదు, అన్నీ ఒంటి మీదే మోసుకు తిరుగుతున్నాడు. మడతల దగ్గర చెమటకు అక్షరాలు చెరిగిపోయాయి. నా రిపోర్టు మళ్ళీ అచ్చువేసి ఇవ్వమన్నాడు. ఏది ముందు తీసిందో ఏది వెనక తీసిందో వరసగా పేర్చి, ఊళ్ళో మాత్రల సంగతి పైన రాసి ఇవ్వమన్నాడు. రాసిచ్చాను. కూతుర్ని ఆటో ఎక్కించుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

గొట్టం పరీక్ష ఆ వారంలోనే జరిగింది. ముందురోజు పిల్ల పేగు శుభ్రమయ్యే మందు తాగి పస్తుంటే, ఈయన కూడా పస్తున్నాడట. డాక్టరుగారు తినమని చెప్పినా "పాప తినకుండా నాకెట్ల దిగుతాదయ్యా" అన్నాడట. పిల్లకు మత్తిచ్చారు, ఆమెకు ఏమీ తెలియలేదు. బయటికి తీసుకొచ్చేసరికి నీరసంతో కళ్ళు తిరిగి పడుకుని ఉన్నది తండ్రి. ఇది ఆమె నాకు తర్వాత చెప్పి కడుపుబ్బ నవ్వింది.

చిన్నపేగు చివర పుండ్లున్నాయి, అక్కడ దారి ఇరుకవుతోంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. టీబీ కాదని తేలింది, క్రోన్స్ అని తేలింది. మందులతో ప్రయత్నించడానికి ఇంకా అవకాశం ఉందని, ఇంకొన్ని నెలలు ఇలాగే గడిపి ఉంటే కత్తి పెట్టాల్సి వచ్చేదని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట తండ్రి నాతో ఎప్పుడూ అనలేదు. అన్నది కూతురే.

ఆ తర్వాత వాళ్ళు నా ల్యాబుకు అలవాటు మనుషులైపోయారు. మందులు మొదలుపెట్టాక వాటి వల్ల తెల్లకణాలు పడిపోతున్నాయా, లివరు సరిగా ఉందా, సీఆర్‌పీ దిగుతోందా అని తరచూ చూడాలి. ఆయన ప్రతిసారీ వచ్చి కౌంటరు దగ్గర నిలబడేవాడు. "ఏం పలికింది డాక్టరమ్మా?" అనే మాట మారలేదు. బేరం మాత్రం మానేశాడు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, పోయినసారి ఇంత ఉండె, ఈసారి ఇంత దిగె అని వేలు పెట్టి చూసుకునేవాడు. ఒకసారి కాస్త పెరిగితే నేనే కంగారుపడ్డాను. ఆయన పడలేదు. యార్డులో ఒక్కరోజు ధర చూసి ఎవరూ ఏడవరట, సీజనంతా చూడాలట. నేను చదువుకున్న పుస్తకాల్లోనూ ఇంచుమించు అదే ఉంది కాబట్టి ఒప్పుకున్నాను.

దీనికి తోడు కొత్త జబ్బు ఒకటి పట్టుకుంది ఆయనకు. నా బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ బోధలు మొదలుపెట్టాడు. చేతిలో గింజలు పెట్టి మరీ. "ఏమప్పా, అన్ని కాగితాలూ సూపిచ్చినావా డాక్టరుకి? ఊళ్ళో మింగిన మాత్రలు కూడా చెప్పినావా?" అని ఒక్కొక్కర్నీ అడిగేవాడు. షుగరు పరీక్షకు వచ్చిన పెద్దాయన ఒకరు విసుక్కుని బయటికెళ్ళి నిలబడ్డారు. నా ల్యాబులో ప్రసంగాలు వద్దన్నాను. సరేనని, మళ్ళీసారి గొంతు తగ్గించి చెప్పాడు. నిజం చెప్పాలంటే అప్పటికి ఆయన రాని నెలల్లో నాకు తోచేది కాదు. ఆయన మీద ఇష్టం ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ, మొదలైంది.

అన్నిటికంటే బాగా గుర్తున్న రోజు ఇంకొకటి ఉంది. మందులు మొదలుపెట్టి ఏడాది దాటాక, ఒక పొద్దున రక్తం ఇచ్చి ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. రిపోర్టు నా తెర మీదికి వచ్చింది. ఒక్క అంకె కూడా నల్లగా లేదు. హిమోగ్లోబిన్ హద్దులో ఉంది, ప్లేట్‌లెట్లు దిగాయి, అల్బుమిన్ బాగుంది, సీఆర్‌పీ మామూలు మనిషికి ఉన్నట్టు ఉంది. ఈసారి ఊరి మాత్రలు లేవు, బీట్‌రూట్లు లేవు. నాకు సంతోషమైంది. కుర్చీలోంచి లేచి, కాగితం నేనే బయటికి తీసుకెళ్ళి ఇచ్చాను. మామూలుగా నేను ఆ పని చేయను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా వేలు జరుపుకుంటూ చూశాడు. నలుపు కోసం వెతుకుతున్నాడని తెలుస్తోంది. కాగితం తిప్పి వెనక చూశాడు. రెండో కాగితం ఉందా అని అడిగాడు. లేదన్నాను.

"పేరు సరిగా సూసినారా డాక్టరమ్మా? ఇది మా పాపదేనా?" అన్నాడు.

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే గట్టిగా తగులుకునేదాన్ని. ట్యూబు తెచ్చి దాని మీది పేరు, వయసు, రక్తం తీసిన వేళ చూపించాను. పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకున్నాడు. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇంకొక్కసారి మిషన్లో పెట్టమని బతిమాలాడు. పెట్టాను. అవే అంకెలు వచ్చాయి. రెండో కాగితం కూడా చేతిలో పెట్టుకుని, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తూ కౌంటరు దగ్గరే నిలబడ్డాడు. ఇంతకాలం ఊళ్ళు పట్టుకుని వెతికిన కాగితం చేతికొస్తే ఏం చేయాలో తెలియడం లేదు ఆయనకు.

"నాదే నాయనా" అంది పిల్ల బెంచీ మీద నుంచే. "నాకు నొప్పి పోయి శానా దినాలైంది. అన్నం తింటాండా, నిద్రపోతాండా. నాకు తెల్దా?"

"ఆ మాట ముందే చెప్పగూడదా పాపా" అన్నాడు ఆయన వెనక్కి తిరిగి.

"నువ్వు అడిగితే గదా చెప్పేది. నొప్పి మొదులైన కాడి నుంచి కాగితాలనే అడిగితివి, నన్ను ఎప్పుడన్నా అడిగినావా?"

ఆమె గొంతులో నిష్ఠూరం పెద్దగా లేదు, ఉన్న సంగతి చెప్పింది. నాకు మాత్రం వాళ్ళు వచ్చిన రోజులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. నా లెక్కలో కూడా ఆయన ఒక్కసారీ అడగలేదు. కాగితాలు రెండూ నా కౌంటరు మీద వదిలేసి, వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఎట్లుండావు పాపా?" అని అడిగాడు.

ఆమె చాలాసేపు చెప్పింది.